పన్నెండు అంగుళాల ఎత్తు

లహరి ఆ కుర్చీని చూపించిన రోజున నేను నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నాది కళ్యాణదుర్గంలో వడ్రంగి షాపు, ఇల్లు పక్కనున్న మా పల్లెలో. తలుపులు, మంచాలు, దేవుడి గూళ్ళు, ఈమధ్య ఎక్కువగా ప్లైవుడ్ అలమరాలు. ఆడమనిషి ఉలి పట్టుకుందని మొదట్లో జనం ఆటో ఆపి మరీ చూసేవాళ్ళు. ఇప్పుడు చూడరు, బేరమాడతారు. పని నేర్పింది మా నాయన సుబ్బన్న. అమ్మ రామాంజినమ్మ చర్చికి పోవడం మొదలుపెట్టాక పుట్టాను కాబట్టి నాకు రూతు అని పేరు పెట్టారు.

లహరి మా ఊరి బయ్యన్న మనవరాలు. ఊళ్ళో సగం చేను ఆ ఇంటిది. బెంగళూరులో ఫర్నిచర్ డిజైన్ చదువుకుని అక్కడే షాపు పెట్టింది. వరసగా వానలు ఎగ్గొట్టడంతో నాలుగేళ్ళుగా వేరుశనగ మూట చూడని తాత గోడౌనుకు సున్నం కొట్టించి, స్టూడియో అని బోర్డు తగిలించింది. ఒకరోజు ఫోన్ చేసి రమ్మంది.

గోడౌను నడిమధ్యన, ఒక దిమ్మె మీద, లైటు కింద కుర్చీ ఉంది. చేవ తేలిన వేప చెక్క. ఏటవాలు కాళ్ళు. నులక అల్లిన సీటు, వెనక్కి వాలిన వీపు. ఎక్కడా ఒక్క పువ్వు లేదు, లత లేదు. కానీ మరీ పొట్టిది. పక్కనే ఒక కార్డు: "పల్లె ఆధునికత. వేప చెక్క, నులక. ఎత్తు పన్నెండు అంగుళాలు. వడ్రంగి పేరు తెలియదు."

"పాత పంచాయితీ ఆఫీసు కూలగొట్టారు కదక్కా, ఆ సామానులో దొరికింది," అంది లహరి. ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. "వందేళ్ళ కింద యూరప్‌లో కొందరు కుర్చీల మీద నగిషీలు, సింహం కాళ్ళు అన్నీ తీసేశారు. ఉక్కు గొట్టం వంచారు, ప్లైవుడ్ వంచారు. కుర్చీ అంటే సింహాసనం కాదు, ఎవరైనా కూర్చునేది అన్నారు. తర్వాత మన దేశంలో కొత్త నగరం కట్టినప్పుడు ఆఫీసులకి అలాంటి టేకు కుర్చీలు వేలల్లో చేశారు. పాతబడ్డాయని మిద్దెల మీద పారేస్తే విదేశాలవాళ్ళు వేలం పాడి పట్టుకుపోయారు. మన పల్లెలో ఎవరో ఇంకో అడుగు ముందుకేశారక్కా. ఎత్తే తగ్గించేశారు! అధికారాన్ని నేలకు దించేశారు."

నాకు సగమే అర్థమైంది. కానీ మా ఊరి చెక్కను ఒకరు అంతలా పొగుడుతుంటే ఒళ్ళు పులకరించింది. అలాంటివే ముప్పై చేసివ్వమంది. సరేనని టేపు తీసి కొలతలు రాసుకున్నాను. ఆమె కూడా ఆర్డరు కాయితంలో రాసుకుంది.

"ఈ గాట్లు కూడా అచ్చం ఇలాగే రావాలి," అంది కాళ్ళ చివరలు చూపిస్తూ. ఒక కాలికి ఒక గాటు, ఇంకోదానికి రెండు, తర్వాత మూడు, నాలుగు. "ఇది ఆ వడ్రంగి సంతకం అనుకుంటా."

వాకిట్లో కూర్చున్న బయ్యన్న అప్పుడు నోరు విప్పాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. "ఆ పాత చెక్క యాలకమ్మా? పొయ్యిలో పెట్టేది కదా," అన్నాడు.

"మీకేం తెలుసు తాతా దాని విలువ," అని లహరి నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చి ఫోన్లో ఫొటో నాయనకు చూపించాను. మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. చాలాసేపు చూసి ఫోన్‌ని బోర్లా పెట్టాడు.

"ఎంత ఎత్తు చేయమనె?"

"పన్నెండు అంగుళాలు."

"ఎన్ని?"

"ముప్పై. నాయనా, చెక్క తేవాల, నులక..."

"నా ఇంట్లో ఆ కుర్చీ చేస్తివంటే నీ చేతులు ఇరగ్గొడతా," అన్నాడు.

మా నాయన నన్ను ఎన్నడూ తిట్టి ఎరగడు. మజ్జిగ చెంబును పక్కకు నెట్టేశాడు. పొయ్యి దగ్గర నుంచి అమ్మ గట్టిగా అంది: "ఇంగ దాచింది చాలు. బిడ్డకు చెప్పు."

"చెప్పేదేముండాది? ఆ కుర్చీ నేను చేసిందే," అన్నాడు. "గుత్తిలో చర్చివాళ్ళ మిషన్ వర్క్‌షాపులో ఐజాక్ మాస్టరు నేర్పిన పని. చెక్కడాలొద్దు, కాళ్ళు ఏటవాలుగా పెట్టు, కూచునే మనిషి వీపు చూసుకో అంటాండె. యాడ నుంచో పుస్తకాలు తెప్పించి బొమ్మలు చూపిస్తాండె. పంచాయితీకి ఆరు కుర్చీలు కావాలంటే ఆ పద్ధతిలో చేసిచ్చినా. ఆరూ పదిహేడున్నర అంగుళాలే. తొంభై ఐదులో మన వాడ తరఫున నన్ను వార్డు మెంబరుగా గెలిపించినారు. మొదటి మీటింగుకు పొయ్యి కూచున్న్యా. నేను చేసిన కుర్చీలోనే. సర్పంచు బయ్యన్న వాకిట్లోనే నిలబడిపాయ. వాడు లేస్తే గాని నేను లోపలికి రాను అనె."

"ఆఫీసరు లేడా?"

"ఉన్న్యాడు. నేల మీద కూచోబెడితే కేసవుతాది అనె. కుర్చీలో కూచుంటే ఊరు ఒప్పుకోదనె. ఇద్దరూ పక్కకు పొయ్యి మాట్లాడుకోనొచ్చినారు. కుర్చీ ఉండాలంట, ఎత్తు ఉండగూడదంట. అయిదున్నర అంగుళాలు కోసెయ్యమని రంపం నా చేతికే ఇచ్చినారు. అందురూ చూస్తాండంగా ఆ వాకిట్లోనే కోసినా."

నేను దిగ్గున లేచాను. "కోయనని లేసి రావాల్సింది!"

"వస్తే ఏమయ్యేది? నేను తప్ప వాడకు బోరు అడిగేవాడు ఒక్కడూ లేకపాయ లోపల."

అయిదేళ్ళు ఆ పొట్టి కుర్చీలో కూర్చున్నాడు మా నాయన. బల్ల ఆయన రొమ్ము దాకా వచ్చేది. చెయ్యి ఎత్తితే పక్కవాళ్ళ భుజాల వెనక వేళ్ళు మాత్రం కనబడేవి, వాటిని ఎవరూ చూసేవాళ్ళు కాదు. మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టడానికి బల్ల ఎత్తు కుదరక, పుస్తకం కిందికి తీసుకుని మోకాలి మీద పెట్టుకుని రాసేవాడు. నేను బడికి పోతూ ఆ కిటికీ ముందు నుంచే నడిచాను. మా నాయన తల నాకెన్నడూ కనబడలేదు. మీటింగుకు రాలేదేమో అనుకునేదాన్ని.

"మంచం ఎత్తు," అన్నాడు నాయన.

మా మంచం కోళ్ళ కింద నాలుగు చెక్క ముక్కలుంటాయి. నేను బడికి పోయే రోజుల నుంచీ ఉన్నాయి. కింద ట్రంకుపెట్టె పట్టడానికి పెట్టారని అనుకునేదాన్ని. ఒక్కొక్కటి తీశాను. లావు భాగం నేలకు, సన్నని భాగం పైకి, తలకిందులుగా పెట్టి ఉన్నాయి. తిప్పి చూస్తే నేలకు ఆనిన అంచున గాట్లు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

జత గుర్తులు. ఏ ముక్క ఏ ముక్కతో కలవాలో తెలియడానికి విడదీసే ముందు మేం పెట్టుకునే గుర్తులు. తలుపు విప్పినా, మంచం విప్పినా మొదట చేసే పని అదే. ఇరవై ఏళ్ళుగా ఆ గాట్లు పెట్టే చేతులు నావి. లహరికి తెలియలేదు, సరే. ఆ గాట్లను వేలితో తడిమి చూసి, ముప్పై కుర్చీలకు పెట్టాలని కాయితం మీద రాసుకొచ్చిన నన్నేమనాలి?

"మళ్ళీ అతికించాలనే గుర్తులు పెట్టినావా నాయనా?"

నాయన వంగి ఒక ముక్క మీది దుమ్ము తుడిచాడు. అమ్మే చెప్పింది: "కరువులో వాకిలి తలుపు గూడా పొయ్యిలో పెట్టినాము. వాటి మీద చెయ్యి వెయ్యనీలేదు మీ నాయన."

మరునాడు పొద్దున్నే ముక్కలు గోనెసంచిలో వేసుకుని, డ్రిల్లు, జిగురు, చెక్క మేకులు తీసుకుని బయలుదేరాను. నాయన రానన్నాడు. చెప్పులేసుకుని గడప దాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోయాడు. నేను వీధి మలుపు తిరిగేసరికి వెనక ఆయన దగ్గు వినిపించింది. వస్తున్నాడు.

లహరి పాత పంచాయితీ బల్ల ముందు కూర్చుని ఉంది. అదీ ఆ సామానులోదే. పక్కన బయ్యన్న కాఫీ తాగుతున్నాడు. నాయనను చూసి గ్లాసు దించాడు.

"లహరమ్మా, కార్డులో ఒక మాట తప్పు రాసినావు. వడ్రంగి పేరు తెలియదని. ఇదో, ఈయనే. మా నాయన."

ఆ పిల్ల ఎగిరి లేచింది. "సుబ్బన్నా, మీరా! ఎంత వెతికానో తెలుసా? ఇప్పుడే మార్చేస్తాను. డిజైన్, సుబ్బన్న."

"ఎంత వెతికినావు? మా వాడ ఈడికి రెండు వీధులు. ఎవరినైనా అడిగినావా?"

లహరి ముఖం వాడిపోయింది. నేను ఆగలేదు. ఆగే మనిషినైతే ఆ పొద్దు అక్కడికి పోయేదాన్నే కాదు.

"పేరు వెయ్యి. చేసింది సుబ్బన్న అని వెయ్యి. ఎత్తు మాత్రం ఆయనది కాదు. దాని కింద ఇంకో గీత రాయి. ఎత్తు, బయ్యన్న."

"అంటే?" అంది లహరి.

"మీ తాతను అడుగు. పదిహేడున్నర అంగుళాల కుర్చీ పన్నెండు ఎట్లయిందో, మా నాయన మీ తాతకు ఎదురుగా సమానంగా కూచుంటే ఏం కొంప మునిగిందో, అడుగు. అధికారాన్ని నేలకు దించినారంటివే! దించింది మా నాయన్ను."

లహరి తాత వైపు తిరిగింది. "తాతా?"

బయ్యన్న కాఫీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు: "ఆ కాలం అట్లాంటిదమ్మా."

"కాలమొచ్చి మా నాయన చేతికి రంపమిచ్చెనా?" నా గొంతు గోడౌనంతా మోగింది. "రంపానికి పిడి ఉండాది, ఆ పిడి పట్టుకోనొచ్చిన చెయ్యి ఉండాది. కాలం మీదికి తోసేస్తే సరిపాయెనా సామీ? పేరు తెలియని వడ్రంగి, పేరు లేని కాలం! మీకు పేర్లన్నీ ఎంత సులభంగా చెరిగిపోతాయి!"

బయ్యన్న గ్లాసును దూరంగా జరిపాడు. లహరి కార్డును దిమ్మె మీద నుంచి తీసి చేతిలో పట్టుకుంది. చదవనూ లేదు, చించనూ లేదు. నాకు ఆ పిల్ల మీద జాలి కలిగిందని రాస్తే బాగుంటుందేమో. కలగలేదు.

కుర్చీని దిమ్మె మీద నుంచి దించి తలకిందులు చేశాను. కాళ్ళకూ ముక్కలకూ రంధ్రాలు వేసి, మేకులకు జిగురు పూసి మొదటి ముక్క దిగ్గొట్టబోయాను.

"అది కాదు," అన్నాడు నాయన వెనక నుంచి. అక్కడికొచ్చాక ఆయన అన్న మొదటి మాట. "కోపంలో చూసుకోకుండా పెడతాండావు. మూడు గాట్లది వెనక కుడి కాలిది."

వంగి ముక్కలన్నీ తనే తీసుకున్నాడు. ఒక్కొక్కటీ తిప్పి, గాటుకు గాటు కలిపి, అరచేత్తో తట్టి దిగ్గొట్టాడు. ముప్పై ఏళ్ళ కింద కోసిన కోతలు. వెంట్రుక దూరే సందు కూడా లేదు. నిలబెట్టి ఊపి చూశాడు. కుర్చీ కదల్లేదు.

"జిగురు ఆరలేదు నాయనా, రేపు..."

"ఆరకపోతే ఏమాయ. మేకులుండాయి."

కుర్చీ తీసుకుపోయి బల్ల ముందు, బయ్యన్నకు ఎదురుగా వేశాడు. కూర్చున్నాడు. వీపు వాల్చలేదు. రెండు మోచేతులూ బల్ల మీద ఆనించాడు. ఆనించి కాసేపు వాటినే చూసుకున్నాడు.

"బయ్యన్నా," అన్నాడు తర్వాత. సామీ అనకుండా ఆయన్ను పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదటిసారి. "నా దిక్కు చూడు."

బయ్యన్న తలెత్తాడు. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ముందు తల తిప్పుకున్నది బయ్యన్నే.

"ఆర్డరు కాయితం ఏదమ్మా?" అని నాయన లహరిని అడిగాడు.

ఆమె బల్ల సొరుగులోంచి తీసి ఇచ్చింది. నా చెవి మీదున్న పెన్సిల్ నాయన లాక్కున్నాడు. పన్నెండు అన్న అంకె మీద గట్టిగా గీత కొట్టి, పక్కన పదిహేడున్నర అని వేశాడు. కాళ్ళ చివర గాట్లు అన్న చోట కూడా కొట్టేశాడు.

"ఈ ఎత్తుకైతే నా బిడ్డ చేస్తాది. పొట్టివే కావాలంటే ఇంకొకర్ని చూసుకో. ఏమంటావు?"

లహరి పెన్ను తీసుకుంది. తాత వైపు చూడలేదు. కొట్టేసిన అంకె పక్కన తన పొడి అక్షరాలు వేసి, కాయితం నాయన ముందుకు జరిపింది.

నాయన అలవాటు చొప్పున దాన్ని మోకాలి మీదికి తీసుకోబోయాడు. సగంలో చెయ్యి ఆగింది. కాయితాన్ని తిరిగి పైకి తెచ్చి, అరచేత్తో సాపు చేసి, బల్ల మీద పెట్టి సంతకం చేశాడు.