బట్టలుతికే గది

అమ్మ పోయిన రోజు ఆమె సరిహద్దు అవతల, ఒక మందుల కర్మాగారం వెనక, బట్టలుతికే గదిలో నిలబడి ఉంది. అమ్మ పోయిందని అప్పటికి ఆమెకు తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు ఇంట్లో ఉన్న భర్త. రెండోవారు అదే కర్మాగారంలో, ముందు హాల్లో, పిలిచినవాళ్ళతో కూర్చుని టీ తాగుతున్న పై అధికారి. తెల్లారగానే భర్త హోటలుకు ఫోను చేశాడు, ఆమెకు కాదు, పై అధికారికి. తనిఖీ పూర్తయ్యేదాకా ఆమెకు చెప్పకూడదని ఇద్దరూ అనుకున్నారు. చెబితే ఆమె బయలుదేరి వెళ్ళిపోతుంది. ఆమె వెళ్ళిపోతే మిగిలేది ఇద్దరే. బృందంలోని ముగ్గురూ దగ్గరుండి చూస్తేనే తనిఖీ చెల్లుతుంది.

తన ఉద్యోగమేమిటో చుట్టాలకు చెప్పడం ఆమెకు ఎప్పుడూ కష్టమే. ఎగుమతుల మీద ప్రభుత్వం పెట్టిన నిఘా శాఖ అది. ఇక్కడ తయారైన యంత్రాన్ని బయటి దేశానికి అమ్మేముందు, అక్కడ దాన్ని దేనికి వాడతారో చూడాలి. ఆయుధాల తయారీలోకి జారిపోయే వీలుంటే ఆపాలి. అత్తగారు ఎవరడిగినా, "ఏదో లైసెన్సుల ఆఫీసులే" అని తేల్చేసేది. ఆడపడుచు, మా వదిన సంతకం పెట్టకపోతే ప్రపంచం నిద్రపోదని అందరినీ నవ్వించేది. అమ్మ ఒక్కతే దాన్ని ఉద్యోగమని నమ్మింది. సాయంత్రం ఫోను ఎత్తగానే ఆవిడ మొదటి మాట, "ఇవాళ ఏం ఆపావే?" అని. ఏమీ ఆపలేదంటే, "పోన్లే, రేపు ఆపుదువుగాని" అనేది, బేరం కుదరని రోజున కొట్టువాణ్ణి ఓదార్చినట్టు.

ఈసారి చూడవలసిన యంత్రం మందును గడ్డకట్టించి, అందులోని తడినంతా పీల్చేసి, పొడి చేసేది. టీకా మందు అలా చేస్తేనే చాలాకాలం నిలవుంటుంది. జబ్బు పుట్టించే క్రిములూ అలా చేస్తేనే నిలవుంటాయి. యంత్రానికి రెండూ ఒకటే. కొంటున్నది నిన్నమొన్నటిదాకా మనతో ఫిరంగుల భాషలో మాట్లాడిన దేశం. మొదటి విడత కొనుక్కుని చాలా కాలమైంది, ఆ యంత్రాల మీద పగలూ రాత్రీ టీకాలు చేస్తున్నామని వాళ్ళ మాట. ఇప్పుడు అంతకన్నా పెద్ద విడత అడుగుతున్నారు. పాతవి నిజంగా టీకాలకే వాడుతున్నారని చూసివస్తేనే కొత్తవాటికి అనుమతి.

ఆ అనుమతి కోసం ఆమె భర్త కూడా ఎదురుచూస్తున్నాడు. ఆయన వర్తక సంఘం కార్యదర్శి. రెండు దేశాల మధ్య వ్యాపారం పెరగాలని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చినవాడు. ఆ మాట ఆమె ఆఫీసులో ముందే చెప్పి, తనను ఈ తనిఖీలో వేయవద్దని అడిగింది. పై అధికారి నవ్వేశాడు. "ఇంట్లోనే రెండు దేశాలు నడుపుతున్నావు, నీకంటే అనుభవం ఎవరికుందమ్మా?" అన్నాడు.

భర్త నమ్మకం దొంగ నమ్మకం కాదు. అది ఆమెకు తెలుసు. ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళ మధ్య తలుపులు మూసుకోవని, మన యంత్రం మీద వాళ్ళ కూలీ బతుకుతుంటే వాళ్ళ రాజు మన మీదికి కత్తి దూయడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడని ఆయన అనేవాడు. ఆయన అన్నయ్య యుద్ధంలో పోయాడు. అందుకే ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతు వేరుగా ఉండేది. ఆ గొంతంటే ఆమెకు ఇష్టం. కాకపోతే ఆ ఉపన్యాసాలను సరిదిద్దేది ఆమే. వంటింట్లో పొయ్యి మీద ఒక కన్ను, కాగితం మీద ఒక కన్ను వేసి, ఈ వాక్యం పొడుగైంది, ఈ ఉపమానం ఇంతకుముందు వాడేశారు అని చెప్పేది. సభలో చప్పట్లు కొట్టించుకుని వచ్చి ఆయన, "నువ్వు చెప్పిన ముక్క బాగా పేలింది" అనేవాడు. ఆ మెచ్చుకోలుతోనే ఆమె చాలా ఏళ్ళు సరిపెట్టుకుంది.

ఆ రోజు పొద్దుటినుంచీ పై అధికారి ఆమెతో ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు. కారు తలుపు తీసి పట్టుకున్నాడు. తిన్నావా అని అడిగాడు. ఫోనులు గేటు దగ్గర ఇచ్చేయమన్నప్పుడు, ఆమె దాన్ని వాళ్ళ చేతిలో పెట్టేదాకా చూస్తూ నిలబడ్డాడు. లోపల యంత్రాలున్నాయి. వాటి అంకెలన్నీ సరిపోయాయి. ముగ్గుర్లో మూడోవాడు ఇంజనీరు. ఏది కనబడినా కొలవందే వదలడు కనుక ఆఫీసులో ఆయన పేరు కొలబద్ద. ఆయన కొలిచినవీ సరిపోయాయి. తెల్ల కోట్లు వేసుకున్నవాళ్ళు వరసగా నిలబడి నమస్కారాలు పెట్టారు. తర్వాత హాల్లో టీలు, ప్రసంగాలు. పై అధికారి ఆమె వైపు వంగి, "నువ్వు కాసేపు విశ్రాంతి తీసుకో అమ్మా, ఇక్కడ మేం చూసుకుంటాం" అన్నాడు. ఇంత దయ ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

వాళ్ళ దుభాషి, ఆమె ఈడు మనిషే, వెనక్కి తీసుకెళ్ళింది. చేతులు కడుక్కునే చోటు కోసం ఇద్దరూ ఒక తలుపు తోశారు. అది బట్టలుతికే గది. పెద్ద పెద్ద ఉతికే యంత్రాలు గోడ పొడవునా ఉన్నాయి. వాటి మూతల మీద కొట్టులో అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. నీళ్ళు పోయే గొట్టాలు చుట్టలు చుట్టి పక్కన పడి ఉన్నాయి. అవతల ఆరేసే తీగలు కట్టారు. వాటికి పెట్టవలసిన క్లిప్పులు అట్టకు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. నేల మీద నూలుపోగు లేదు. సబ్బు వాసన లేదు. మందు తయారుచేసే చోట మనిషి గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఉతికిన బట్ట తొడుక్కోవాలి. పగలూ రాత్రీ పని జరిగే చోటైతే ఈ గదిలో ఈపాటికి మాసిన బట్టలతో ఊపిరాడకూడదు. ఇక్కడ టీకాల పనే జరిగినట్టు లేదు, మరి ఆ యంత్రాలు ఇన్నాళ్ళూ ఎక్కడ, దేనికి పనిచేశాయో. హాల్లో ఉన్న మగవాళ్ళు తనిఖీ కోసం ఎంతో శ్రద్ధగా అన్నీ అమర్చారు. ఇంట్లో రోజూ ఉతికిన చొక్కా దానంతటదే బీరువాలోకి వచ్చే మనుషులు కనుక, దీన్ని అమర్చాలని వాళ్ళకు తోచలేదు.

"ఇక్కడ ఉతికేదెవరు?" అని ఆమె అడిగింది.

దుభాషి నవ్వబోయి, చుట్టూ చూసి, ఆగిపోయింది. "ఆ ప్రశ్న మీరు నన్ను అడగలేదనుకుందాం. నాకు ఇద్దరు పిల్లలు" అంది.

"అడగలేదు" అంది ఆమె. ఇద్దరూ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశారు.

విమానాశ్రయానికి వెళ్ళే కారులో పై అధికారి కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని అమ్మ సంగతి చెప్పాడు. పొద్దున్నే చెబుదామనుకున్నాడట, భర్తే వద్దన్నాడట. ఇంటికొచ్చాక భర్త, తనిఖీ అయ్యాక చెబుదామని మీ పై అధికారే అన్నాడన్నాడు. పొద్దున్నే బయలుదేరి ఉంటే చివరి చూపు దక్కేది. ఆమె పుట్టింటికి చేరేసరికి అన్నీ అయిపోయాయి. అన్నయ్య ఆమెను పట్టుకుని ఏడ్చి, తేరుకున్నాక, "నీ కోసం ఆగుదామనే అన్నాను చెల్లీ. నువ్వే ఆగొద్దన్నావని బావ చెప్పాడు" అన్నాడు.

ఆమె ఆ మాటను సరిదిద్దలేదు. అన్నయ్య ముందు భర్తను పలచన చేయలేక కాదు. తను అనని మాట ఒకటి తన పేరు మీద అక్కడ తిరుగుతోందని, దాన్ని విని అందరూ తలాడించి పని కానిచ్చేశారని అర్థం కావడానికే ఆమెకు చాలాసేపు పట్టింది. ఆ పూట అమ్మ పక్కన తను లేకపోవడం ఒక దుఃఖం. రానని చెప్పిన కూతురిగా అక్కడ ఉండడం ఇంకో దుఃఖం. రెండోదానికి ఏం పేరు పెట్టాలో ఆమెకు తెలియలేదు.

తిరిగొచ్చాక పరామర్శకు జనం వచ్చారు. వచ్చినవాళ్ళకు ఆమే టీలు పెట్టింది. అత్తగారు చెడ్డది కాదు, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, పనిలో పడితే కాస్త మరుపొస్తుందమ్మాయ్ అని వెన్ను నిమిరింది, ఇంకో రెండు కప్పులు ఎక్కువ పెట్టమంది. భర్త రాత్రింబగళ్ళు వెంటే ఉన్నాడు. ఆమె తలనొప్పికి మాత్ర తెచ్చాడు. నీ మంచికే చేశాను, పరాయిచోట ఒక్కదానివి ఆ కబురు విని ఏమైపోతావోనని భయపడ్డాను అన్నాడు. ఆ భయం నిజమే. ఆ నిజం పక్కనే నివేదికలో ఆమె సంతకం ఎప్పుడు పెడుతుందన్న ప్రశ్న కూడా కూర్చుని ఉంది. ఆయన దాన్ని పైకి అనడు. మన ఊరి ఫ్యాక్టరీ సగం మూతపడి ఉంది, ఈ బేరం కుదిరితే తెరుస్తారు అని మాత్రం అంటాడు. గాలిలోకి అన్నట్టు అని, ఆమె ముఖం వైపు చూస్తాడు.

ఆఫీసులో నివేదిక సిద్ధంగా ఉంది. అంతా సవ్యమని రాసుంది. బట్టల గది సంగతి చేర్చాలని ఆమె అడిగింది. కొలబద్ద గడ్డం గోక్కుని, బయటెక్కడో ఉతికిస్తున్నారేమో అన్నాడు. అయ్యుండొచ్చని ఆమే ఒప్పుకుంది. పై అధికారి కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని, మనసు బాగాలేనప్పుడు కళ్ళు ఏవేవో చూస్తాయమ్మా, కొన్నాళ్ళు సెలవు తీసుకో అన్నాడు. సంతకం పెట్టి వెళ్ళు అని కూడా అన్నాడు. ఆమె సెలవు తీసుకోలేదు, సంతకం పెట్టలేదు. దాంతో విషయం పార్లమెంటు వాళ్ళ పర్యవేక్షణ సంఘం ముందుకు వెళ్ళింది. ముగ్గురినీ పిలిచారు.

పొడవాటి బల్లకు అవతల సభ్యులు కూర్చున్నారు. ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. మూతల మీద పొర, చుట్టిన గొట్టాలు, అట్టకున్న క్లిప్పులు. దుభాషి ఊసెత్తలేదు. ఒక సభ్యుడు, వకీలు, కులాసా మనిషి, "ఆయుధాలు వెతకమని పంపితే మీరు తువ్వాళ్ళు వెతికొచ్చారా మేడమ్?" అన్నాడు. బల్లకు అవతల చాలామంది నవ్వారు. ఆమె ఆ నవ్వు అయ్యేదాకా ఆగింది. ఆ నవ్వు ఆమెకు కొత్తది కాదు. ఇంట్లో భోజనాల దగ్గర వినేదే, ఇక్కడ కాస్త పెద్దగా ఉంది, అంతే.

అప్పుడు పై అధికారి లేచి, ఆమెను కాపాడుతున్నట్టే, మెల్లగా చెప్పాడు. ఆవిడ తల్లి సరిగ్గా ఆ రోజే పోయారు, ఆ స్థితిలో ఉన్న మనిషి మాటను మనం దయతో తీసుకోవాలి గాని సాక్ష్యంగా తీసుకోకూడదు అన్నాడు. గదిలో అందరి ముఖాలూ మెత్తబడ్డాయి. అధ్యక్షుడు, పెద్దాయన, "అయ్యో పాపం. మీరు కూర్చోండమ్మా" అన్నాడు.

ఆ జాలిని తీసుకుని కూర్చుంటే అయిపోతుంది. ఊరి ఫ్యాక్టరీ తెరుచుకుంటుంది, భర్త ఉపన్యాసం నిజమవుతుంది, ఆమె మంచిదవుతుంది. సరిహద్దు అవతల ఆ యంత్రాలు దేన్ని ఆరబెడుతున్నాయో ఎవరూ అడగరు. ఆమె కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"ఆ గది చూసినప్పుడు నాకు ఏ దుఃఖమూ లేదండీ" అంది. "మా అమ్మ పోయిందని అప్పటికి నాకు చెప్పలేదు. పొద్దుటినుంచీ తెలిసుండీ చెప్పలేదు. ఆ పూట ఆ కబురు మనసులో పెట్టుకుని తనిఖీ చేసింది నేను కాదు, సార్."

ఎవరూ నవ్వలేదు. పై అధికారి కళ్ళద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. వకీలు అతని వైపు తిరిగి, అది నిజమేనా అని అడిగాడు. అతను నిజమేనన్నాడు. మరి ఆవిడను అక్కడ ఉంచింది మూడో సంతకం కోసమా, మూడో చూపు కోసమా అని వకీలు మళ్ళీ అడిగాడు. అతను ముందున్న నివేదిక మూసేశాడు. అవతలి దేశంవాళ్ళు అబద్ధమాడారని తను అనడం లేదని, ముందుగా చెప్పకుండా ఇంకోసారి వెళ్ళి చూడాలని మాత్రమే అంటున్నానని ఆమె చెప్పి కూర్చుంది. అంతవరకూ రెండో విడత యంత్రాలు కదలకూడదని సంఘం తీర్మానించింది.

ఆమె కంటే ముందే కబురు ఇంటికి చేరింది. భర్త హాల్లో కూర్చుని ఉన్నాడు, టీవీ ఆపేసి ఉంది. ఆయన అరవలేదు. అరిచే మనిషి కాదు. "నా మీద కోపంతో ఇంతమంది నోటికాడ కూడు తీశావా?" అని అడిగాడు. గొంతు, యుద్ధంలో పోయిన తన అన్నయ్య గురించి చెప్పేటప్పుడు ఉన్నట్టే ఉంది.

ఆమెకు ఆయన మీద జాలి వేసింది. "మీ మీద కోపం సంగతి వేరండీ. దాన్ని నేనింకా ముట్టుకోలేదు" అంది. లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుంది. తుడుచుకుంటుంటే ఏడుపొచ్చింది, అమ్మ పోయాక మొదటిసారి. ఎవరూ తలుపు తట్టలేదు.

రెండో తనిఖీకి ఇంకా తేదీ ఖాయం కాలేదు. తను ఆగొద్దందని అన్నయ్యకు ఎందుకు చెప్పాడో ఆమె భర్తను ఇంకా అడగలేదు.