మూపురం కొండని పిలిచిన మనిషి

పొద్దున్నే బార్లీ గంజి తాగి యాంగ్ కిహో రాసుకోడానికి కూర్చునేవాడు. మధ్యాహ్నం లేచి వాకిట్లోకొచ్చి, మూపురం కొండ ఎంత దగ్గరకొచ్చిందో చూసుకునేవాడు. కవిత కుదిరిన రోజు కొండ జానెడో బెత్తెడో ఊరి వైపు జరిగేది. కుదరకపోతే ఉన్నచోటే ఉండేది. సియోల్ పత్రికల కోసం సియోల్ భాషలో రాసినవాటికి అది ఎన్నడూ కదల్లేదు. తమ జెజు దీవి మాటల్లో, పడవల మీది తిట్లతో, గాలులకి ఊళ్లోవాళ్లు పెట్టుకున్న పేర్లతో రాస్తేనే దాని చెవికెక్కేది.

కొండకి దారిచ్చి ఊళ్లోవాళ్లు తమ నల్లరాతి గోడల్ని ఇవతలకి కట్టుకునేవారు.

"ఈ నెల కాస్త తక్కువ రాయవయ్యా," అనేవాడు పక్కింటి ముసలాయన హ్యాన్, రాళ్లు పేరుస్తూ. "నా ముల్లంగి చేనుకి ఎండ తగలట్లేదు."

"పోయినవారం రాసింది బాగుందన్నావుగా మామా?"

"బాగుంది. బాగుందని నడుం విరగ్గొట్టుకోమంటావా?"

కిహో గాలి మీద రాశాడు, గుర్రాల మీద రాశాడు, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి ఆల్చిప్పలు ఏరే ఆడవాళ్ల మీద రాశాడు. అన్న కిసోక్ మీద మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ముప్పై ఏళ్ల కిందట, కాల్పుల చలికాలంలో, తిరుగుబాటు అణచడానికొచ్చిన సైనికులు ఊరికి నిప్పు పెట్టినప్పుడు కిసోక్ మరికొందరితో కలిసి కొండెక్కాడు. మళ్లీ దిగలేదు. ఆ మాట ఊళ్లో ఎవరూ ఎత్తరు. ఎత్తినవాళ్లని పోలీసులు ఎత్తుకుపోతారు.

కిసోక్ భార్య మెహ్వా అప్పటికి కొత్త పెళ్లికూతురు. సముద్రంలో మునిగే పనితోనే ఒంటరిగా బతుకు వెళ్లదీసింది. ఎప్పుడు పోయాడో తెలియని మనిషికి ఏ రోజున తద్దినం పెట్టాలి? కాళ్లున్నన్నాళ్లూ కొండంతా వెతికింది. ఇప్పుడు కాళ్లు నీరుపట్టి అరుగు దిగలేకపోతోంది. గడ్డికోతల దాకా ఉంటే గొప్పేనన్నాడు పట్నం డాక్టరు.

కిహో ఆమెని పట్నం నుంచి ఆమె ఇంటికి తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టగానే నిలదీసింది.

"కొండని నా దగ్గరికి రప్పించు."

"అంత దూరం రాదు వదినా."

"ఎందుకు రాదు? నువ్వు పిలవట్లేదు. గడ్డి మీద రాస్తావు, గాలి మీద రాస్తావు. మీ అన్న గడ్డి పాటి చెయ్యడా నీకు?"

"రాస్తే జైలు."

"తెలుసు. తెలిసే అడుగుతున్నా."

కిహో తల దించుకున్నాడు. "భయం ఒక్కటే కాదు వదినా. అన్న ఎలా మాట్లాడేవాడో గుర్తు రావట్లేదు. అప్పటికి నేను మరీ చిన్నవాణ్ణి."



"వెళ్తూ వెళ్తూ నన్ను తిట్టాడు," అంది మెహ్వా. "ఈ చలిలో నీళ్లలోకి దిగావో, కాళ్లిరగ్గొడతా దొంగమొహమా, నే వచ్చేదాకా పొయ్యి దగ్గరే కూర్చో, అన్నాడు. సరసం అదే, సంసారమూ అదే."

కిహో ఆ తిట్టునే కవిత చేశాడు. ఎక్కడా మెరుగులు దిద్దలేదు. అరుగు మీదే నిలబడి గట్టిగా చదివాడు.

సన్నగా జల్లు పడుతోంది. కొండ కదిలింది. ఈసారి జానెడు కాదు. గోడల్ని ఒరుసుకుంటూ, ముల్లంగి చేను మీదుగా వచ్చేసింది. హ్యాన్ నోరెత్తకుండా పందుల్ని పక్కకి తోలాడు. జనం పచ్చళ్ల జాడీలు ఎత్తుకుని తప్పుకున్నారు. మెహ్వా అరుగుకి ఆనుకుని కొండ ఆగింది. ఇన్నాళ్లూ బండరాయి అడ్డుపడి ఎవరికీ కనబడని గుహ ఒకటి, వచ్చిన ఊపుకి తెరుచుకుని, ఆమె చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది.

మెహ్వా పాక్కుంటూ లోపలికి వెళ్లింది. కిహో లాంతరు పట్టుకున్నాడు. పొగకి నల్లబడిన రాళ్లు, వాటికి చేరగిలబడి ఎముకలు. ఒక్కో పుర్రెనీ ఒళ్లోకి తీసుకుని పళ్లు తడిమింది. ముందరి పన్ను సగం విరిగిన పుర్రె దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆల్చిప్పలు పళ్లతో తెరవద్దంటే ఎప్పుడైనా విన్నాడా," అంది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు కిసోక్‌ని పూడ్చారు. ఆ తేదీనే తద్దినానికి ఖాయం చేసుకుంది మెహ్వా. మిగిలినవాళ్లు ఎవరి మనుషులో కనుక్కుందామనుకునేలోపే పోలీసు జీపొచ్చింది.

మున్ అనే అధికారి అరెస్టు కాగితం సియోల్ భాషలో గడగడా చదివాడు. సియోల్ మనిషే అనుకున్నారంతా. కిహోని ఎక్కించుకుని తానే జీపు తోలాడు. సముద్రం పక్క రోడ్డు మీద, మనుషులెవరూ లేనిచోట ఆపాడు. వెనక్కి తిరగకుండానే, అచ్చమైన దీవి మాటల్లో అడిగాడు.

"ఆ గుహలో, ఎడంచేతికి ఆరువేళ్లున్న మనిషి ఉన్నాడా?"

కిహో ముందుకి వంగాడు. "ఉన్నాడు," అన్నాడు. "గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒక పిల్లాడి తల ఒళ్లో పెట్టుకున్నాడు."

"పిల్లాడు ఏపాటివాడు?"

"ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో."

"మా అన్న," అన్నాడు మున్. "నేనప్పుడు అమ్మ కడుపులో ఉన్నా."

జీపు వెనక్కి తిప్పాడు. తండ్రినీ అన్ననీ విడివిడిగా గుడ్డల్లో కట్టి మెహ్వాకి అప్పగించేసరికి, వాళ్లని వెతుక్కుంటూ మరో పోలీసు జీపొచ్చింది. మున్ టోపీ తీసి అరుగు మీద పెట్టి, దాని వెనక సీట్లో కవి పక్కన కూర్చున్నాడు.