నీళ్ల తప్పేం లేదు

నేను ఒక నీటి పరీక్ష యంత్రాన్ని. ఆ పేరు పెట్టింది నన్ను అడ్డం పెట్టుకుని బతికినవాళ్లు. నిజానికి నేను ఏ నీటినీ పరీక్షించలేను. నల్లటి ప్లాస్టిక్ డబ్బా, దాని కింద వేలాడే నాలుగు లోహపు కడ్డీలు, ఒక స్విచ్చి, గోడ ప్లగ్గుకు తగిలించే తీగ. అంతే నేను. ఎక్కడో ఒక షెడ్డులో, దోమల బ్యాట్లు తయారయ్యే బల్ల మీదే నన్నూ బిగించారు. బిగించినవాడికి నేనెందుకు పనికొస్తానో తెలియదు. కొన్నవాడికి మాత్రం బాగా తెలుసు.

నా గుట్టు ఇప్పుడే విప్పేస్తాను. చివరిదాకా దాచి మిమ్మల్ని ఊరించే ఓపిక నాకు లేదు. నా కడ్డీలను రెండు గ్లాసుల్లో ముంచి స్విచ్చి వేస్తే నీళ్లలోంచి కరెంటు పారుతుంది. కుళాయి నీళ్లలో లవణాలుంటాయి. అవి ఉన్నచోట కరెంటు జోరుగా పారి నా ఇనుప కడ్డీని కొరికేస్తుంది. ఆ ఇనుమే తుప్పై, నురగై, చూస్తే వాంతి వచ్చే మడ్డిగా పైకి తేలుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు సరిగ్గా పారదు కాబట్టి ఆ గ్లాసు తేటగా ఉంటుంది. మడ్డి నీళ్లది కాదు, నాది. ఇక రోగం తెచ్చే క్రిములంటారా, అవి గ్లాసు నిండా ఈదుతున్నా నాకు కనిపించవు.

ఈ సంగతి తెలిసీ నన్ను కొన్నవాడు చక్రధర్. ఒంగోలులో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని, గోడకు నీలం రంగు బోర్డు తగిలించి, మెడకు టై బిగించి, తనకు తానే రీజనల్ మేనేజరైపోయాడు. అతను అమ్మేది నీళ్లు శుభ్రం చేసే యంత్రం, నీలం దీపం వెలిగే ఒక డబ్బా. కానీ ముందు భయాన్ని అమ్మేవాడు. భయం అమ్ముడుపోయాక ఏ డబ్బా అయినా అమ్ముడుపోతుందని అతనికి తెలుసు.

అతనికి కావలసింది ఒక నమ్మకమైన నోరు. అది సాలెపేటలో దొరికింది. ఆమె పేరు హెప్సిబా. పట్నం అంచున ఉన్న ఆ పేటలో పుట్టి పెరిగింది. మూతపడిన ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మగా చేసింది, ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. పేటలో ఎవరికి మందు చీటీ అర్థం కాకపోయినా ఆమె దగ్గరికే వచ్చేవారు. చక్రధర్ ఆమెకు ఇచ్చింది ఉద్యోగమని ఆమె అనుకుంది. అతను కొనుక్కున్నది ఆమె మాటకున్న విలువను.

ఆమెను నమ్మించడానికి నన్ను మొదట ఆమె ఇంట్లోనే పెట్టాడు. వాళ్ల కుళాయి నీళ్లు నల్లబడి నురగలు కక్కాయి. హెప్సిబా ముఖం పాలిపోయింది. "ఇన్నాళ్లూ మా అమ్మకు ఇయ్యా తాగించింది?" అంటూ కుండలో నీళ్లన్నీ పారబోసింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే ఆమె చెప్పిన అబద్ధం అంత దూరం పోయింది.

ఆమె నన్ను గుడ్డ సంచిలో వేసుకుని గడప గడపా తిరిగింది. ప్రతి ఇంట్లోనూ అదే తంతు: ఒక గ్లాసులో వాళ్ల కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో డబ్బా శుభ్రం చేసినవంటూ చక్రధర్ ఇచ్చిన సీసా నీళ్లు. ఆడవాళ్లు ముక్కు మూసుకునేవారు, మగవాళ్లు మున్సిపాలిటీని తిట్టేవారు. పక్క వీధిలో రిటైరైన ఒక ఇంజినీరు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "శాస్త్రీయంగా ఉంది" అని తల ఊపి, అందరికంటే పెద్ద డబ్బా కొన్నాడు. ఆ చదువును నా కడ్డీతో ఒక్కటి వేద్దామా అనిపించింది. ఎవరైనా బిల్లు అడిగితే కంపెనీ నుంచి పోస్టులో వస్తుందని చెప్పమనేవాడు చక్రధర్. ఆలోచించుకుంటామంటే ఆఫరు ఈ సాయంత్రంతో సరి అని చెప్పమనేవాడు. పోస్టు రాలేదు. ఆ సాయంత్రం మాత్రం రోజూ వచ్చింది.

పేరమ్మ ఇంటికి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. ఆమె బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్ముతుంది. కొడుకు బాలకోటి ఆటో తోలతాడు. కోడలు ఝాన్సీకి అప్పుడు ఐదో నెల.

"మేం కాసుకునే తాగుతామమ్మాయ్. మా అత్త ఉన్నప్పటినుంచీ అంతే" అంది పేరమ్మ.

"కాస్తే క్రిములు చస్తాయి పిన్నీ, ఈ మడ్డి యాడికి పోద్ది? కడుపుతో ఉన్న పిల్ల గదా, నువ్వే ఆలోచించు" అంది హెప్సిబా, నన్ను గ్లాసుల్లో ముంచుతూ.

మడ్డి లేచింది. ఝాన్సీ పొట్ట మీద చెయ్యి వేసుకుని వెనక్కి జరిగింది. పేరమ్మ కోడలి ముఖం చూసి, "మరి ఇది పెట్టుకుంటే?" అని అడిగింది.

"ఇంక కాసే పనే లేదు పిన్నీ. నేరుగా పట్టుకుని తాగడమే."

ఆ మాట చక్రధర్ నేర్పింది. దానిలో నిజమెంతో ఆమెకు తెలియదు, అతనికి తెలుసు. నాకు నోరుంటే ఆ రోజు ఆ ఇల్లు అదిరిపోయేలా అరిచేవాణ్ణి.

వానలు పడ్డాయి. పేటలో ఎక్కడో మురుగు కాలువ నీరు మంచినీళ్ల పైపులో కలిసింది. కామెర్లు మొదలయ్యాయి. పాత పద్ధతిలో కాచుకుని తాగిన ఇళ్లు చాలావరకు బయటపడ్డాయి. కొత్త డబ్బా ఉన్న ఇళ్లలో, నీలం దీపం వెలుగుతుంటే, ధైర్యంగా పచ్చినీళ్లు తాగారు. ఝాన్సీ కళ్లు పచ్చబడ్డాయి. గుంటూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆమె బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

ఆ కబురు విని హెప్సిబా నేను ఉన్న సంచితోనే ఆస్పత్రికి పరుగెత్తింది. వార్డు బయట పేరమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తిట్టలేదు, ఏడవలేదు.

"కాసుకునేవాళ్లం గదమ్మాయ్ మేము" అంది.

 హెప్సిబా తిరిగి పేటకు వచ్చేసరికి బాలకోటి తమ ఇంట్లో పెట్టిన డబ్బాను వీధిలోకి విసిరి, గొడ్డలితో పగలగొట్టేశాడు. లోపల ఒక గొట్టం, గొట్టంలో కూరిన దూది, నీలం బల్బు. అంతకు మించి ఏమీ లేదు.

ఆమె అక్కడే నిలబడి చక్రధర్‌కు ఫోన్ చేసింది. అతని గొంతు తొణకలేదు. "ఫిల్టరు కడుక్కోలేదేమో, వాడకం తెలియక చేశారని చెప్పండి. పేషెంటు విషయంలో మనకేం సంబంధం? రేపు ఫంక్షన్ హాల్లో మహిళా సంఘాల మీటింగుంది, డెమోకి మీరు తప్పకుండా రావాలి."

ఇంటికొచ్చి తలుపేసుకుని ఆమె నన్ను బల్ల మీద పెట్టింది. కుళాయి నీళ్లు పెట్టింది, నల్లబడ్డాయి. కాచి చల్లార్చినవి పెట్టింది, అవీ నల్లబడ్డాయి. పేరమ్మ డబ్బాలాంటిదే హెప్సిబా ఇంట్లోనూ ఒకటుంది, అందులోంచి పట్టినవీ నల్లబడ్డాయి. డెమో కోసం చక్రధర్ ఇచ్చే సీసా నీళ్లు తీసి, చేతికందిన గ్లాసులో పోసింది. అవి కూడా నల్లబడ్డాయి. ఆమె ఉలిక్కిపడింది. ఆ గ్లాసుతోనే వాళ్లమ్మ పొద్దున ఉప్పునీళ్లు పుక్కిలించింది. హెప్సిబా దాన్ని బాగా కడిగి మళ్లీ అవే నీళ్లు పోసింది. ఈసారి తేటగా నిలిచాయి. చిటికెడు ఉప్పు వేసింది. మడ్డి లేచింది.

ఆమె నన్ను పైకెత్తి, అరిగి పుల్లలా సన్నబడ్డ ఇనుప కడ్డీని వేలితో తడిమింది. వేలికి తుప్పు అంటింది.

"నీళ్ల తప్పేం లేదు" అంది మెల్లగా. తర్వాత చాలాసేపు చేతులు కడుక్కుంది. ఎంత కడిగినా ఆమెకు చాలలేదు.

మర్నాడు హాలు నిండా ఆడవాళ్లు. చక్రధర్ నన్ను బల్ల మీద నిలబెట్టి, రెండు గ్లాసుల్లో నీళ్లు పోయించి, పాఠం మొదలుపెట్టబోయాడు. హెప్సిబా కొంగు ముడి విప్పి, తేట నీళ్ల గ్లాసులో ఏదో వేసింది.

"ఏంటమ్మా అది?" అన్నాడు చక్రధర్, నవ్వు చెదరకుండానే.

"ఉప్పు సార్. మీరూ నేనూ రోజూ తినేదే. స్విచ్చి వెయ్యండి."

"కెమికల్స్ కలిపితే పరీక్ష చెడిపోతుంది."

"కూరలో వేసుకునే ఉప్పుకి చెడిపోయేది పరీక్షెట్టా అవుద్ది?" అని ఆమే స్విచ్చి వేసింది.

తేట గ్లాసు నల్లగా పొంగింది.  హెప్సిబా నన్ను తలకిందులుగా పట్టుకుని అరిగిన కడ్డీ చూపించింది. "ఈ మురికి దీనిది. మన నీళ్లది కాదు. దీన్ని మీ ఇళ్లకు మోసుకొచ్చింది నేను. నన్ను తర్వాత తిట్టండి. ముందు ఈ మనిషిని బయటికి పోనియ్యొద్దు."

చక్రధర్ బ్యాగు అందుకున్నాడు. ముందు వరసలోని ఆడవాళ్లు లేచి గుమ్మంలో కూర్చున్నారు, పప్పు ఏరడానికి కూర్చున్నంత తీరిగ్గా. పోలీసులు వచ్చేదాకా లేవలేదు.

కథ అక్కడితో సుఖంగా ముగిసిందనుకుంటే మీకు లోకం తెలియదన్నమాట. చక్రధర్ బెయిలు మీద బయటికొచ్చాడు. ఇప్పుడు వేరే ఊళ్లో, వేరే బోర్డు కింద, మోకాళ్ల నొప్పులకు బెల్టులు అమ్ముతున్నాడట. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దామని హెప్సిబా ఇంటింటికీ తిరిగితే సగం మంది తలుపే తీయలేదు. ఆ ఇంజినీరైతే తన పెద్ద డబ్బా మీద దుప్పటి కప్పి, "మేం అసలు కొనలేదమ్మా" అన్నాడు. మోసగాడు ఊరు దాటాక కూడా అతని తరఫున కాపలా కాసేది ఈ సిగ్గే. "అంత చదివి ఎట్టా నమ్మావు?" అని ఆమెను నిలదీసినవాళ్లలో ఒక్కరు కూడా చక్రధర్ ఎలా అమ్మాడని అడగలేదు. మనుషులకు మోసం మీద కంటే మోసపోయినవాళ్ల మీదే కోపం ఎక్కువ. ఆ సంగతి తలుచుకుంటే నాలో మిగిలిన ఇనుము కూడా కాలిపోతుంది.

అయినా సంతకాలు పెట్టినవాళ్లతోనే కేసు వేసింది. మొదటి సాక్ష్యం తనదే ఇచ్చింది. ఆఫీసులో ఉన్న యంత్రాలను పోలీసులు తీసుకుపోయారు. నేను ఆమె సంచిలో మిగిలిపోయాను. ఆమె నన్ను పారేయలేదు. ఏ పేటలో సంఘం మీటింగు జరిగినా తీసుకెళ్లి ఆ గారడీ ఎలా చేస్తారో చేసి చూపిస్తోంది. "ముందు భయపెట్టి, తర్వాత తొందరపెట్టి, బిల్లు మాత్రం ఇయ్యని మనిషిని గడప బయటే నిలబెట్టండి" అంటోంది.

సాలెపేటలో మాత్రం చాలాకాలం చూపించలేదు. ఒక రోజు పేరమ్మే కబురు పంపింది. హెప్సిబా వెళ్లి గుమ్మం బయట నిలబడింది.

"నిన్ను క్షమించడానికి పిలవలా" అంది పేరమ్మ. "అది నా వల్ల కాదు. ఈ వీధిలో నిన్న ఇంకెవడో వచ్చి ఏదో పొడి అమ్మిపోయాడు. అందర్నీ పిలిచా. వచ్చి చూపించు."

వీధిలో బల్ల వేశారు. గ్లాసులు పెట్టారు. హెప్సిబా నా తీగ తగిలించింది కానీ, స్విచ్చి మీదకు చెయ్యి పోలేదు.  

ఇంట్లోంచి ఝాన్సీ వచ్చింది. చిక్కిపోయి ఉంది. హెప్సిబా వైపు చూడకుండా బల్ల దగ్గరికి నడిచి, "జరుగు అక్కా" అంది.

స్విచ్చి తనే వేసింది.