కొట్టివేత పక్కన పొట్టి సంతకం

గుండయ్యకు భూమి తప్ప మరో లోకం తెలియదు. జహీరాబాద్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఇరవై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాడు. జనవరిలో షాపు కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించాల్సి వచ్చి, డిస్కును ఎట్లా పంచాలో షాపులో టైపు చేసే ప్రణీత కాగితం మీద రాసి చూపిస్తే, ఆయన అలవాటుగా ఎర్ర పెన్ను తీశాడు.

ఆమె రాసింది మూడే వాటాలు, కంప్యూటర్ భాషలో పార్టిషన్లు. సిస్టమ్ ఉండే రూట్‌కు యాభై జీబీ, మెమరీ చాలనప్పుడు ఆదుకునే స్వాప్‌కు ఎనిమిది, దస్తావేజులూ స్కాన్లూ దాచుకునే హోమ్‌కు మిగిలిన నాలుగు వందలు.

"పార్టిషన్లు నాకు నేర్పుతవా? నా బతుకే పార్టిషన్లు" అన్నాడు గుండయ్య.

రూట్ అంటే మూలమట, మూలపురుషుడికే పెద్ద భాగం పోవాలట. హోమ్ అంటే ఇల్లే గదా, ఇంటికి రెండు గుంటల జాగా చాలట. స్వాప్ అంటే మార్పిడి, ఈ ఊళ్లో మార్పిడి దస్తావేజు ఎవడు రాయించుకుంటాడట! పేర్లే అట్లా ఉన్నాయి గానీ పనులు వేరని ఆమె గొంతు పోయేట్టు చెప్పింది. వింటేనా! హోమ్‌ను ఇరవై చేశాడు, స్వాప్‌ను కొట్టేశాడు, మిగతాదంతా రూట్‌కు రాసేశాడు. ప్రతి కొట్టివేత పక్కనా పొట్టి సంతకం గీకాడు. జీతమిచ్చేవాడాయె, ఆమె పళ్లు నూరుకుంటూ అట్లాగే ఎక్కించింది. కాగితాన్ని మాత్రం సొరుగులో పెట్టుకుంది.

ఆగస్టుకల్లా ఇరవై జీబీ నిండిపోయింది. పాత స్కాన్లు పెన్‌డ్రైవుల్లోకి తీస్తూ నెట్టుకొచ్చింది. ఒక్క పూట షాపు ఆపితే మళ్లీ పంచుతానని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ తర్వాత చూద్దామన్నాడు.

ఒక సోమవారం న్యాల్‌కల్ నుంచి శరణప్ప తన ఇద్దరు తమ్ముళ్లతో వచ్చాడు. జహీరాబాద్‌లోని ఉమ్మడి ఇంటిని పంచుకునే దస్తావేజు, పన్నెండింటికి రిజిస్ట్రేషన్ స్లాట్. చిత్తుప్రతిలో దిద్దుబాట్ల పక్కన ముగ్గురితోనూ సంతకాలు పెట్టిస్తూ, కొట్టివేత పక్కన సంతకం ఉంటే ఇక ఎవడూ కాదనలేడని గుండయ్య వాళ్లకు పాఠం చెప్పాడు. ప్రణీత తలెత్తకుండా టైపు చేసింది. సేవ్ నొక్కితే జాగా లేదంది. పాత స్కాన్లు తీసేద్దామని తెరిచేసరికి మెమరీ కూడా చాలక కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ వేస్తే ఫైలు ఉంది, లోపల ఒక్క అక్షరం లేదు. స్లాట్ పోయింది.

గుండయ్య అందరి ముందూ విరుచుకుపడ్డాడు. ఆమె ఎక్కించిన దిక్కుమాలిన లినక్స్ వల్లే తన పరువు పోయిందన్నాడు.

"రేపటి సంది రాకు" అన్నాడు చివరికి.

ఆరేళ్ల కొలువు. ఒక దస్తావేజు రైటర్ తప్పు మోపి వెళ్లగొట్టిన మనిషిని ఈ వీధిలో మరో రైటర్ గడప తొక్కనివ్వడు. తప్పు తనదైతే నోరు మూసుకుని పోయేది. తనది కాదే! ప్రణీతకు ఒళ్లు మండిపోయింది. సొరుగు లాగి ఆ కాగితం తీసి, గుండయ్యకు కాదు, శరణప్ప చేతికిచ్చింది.

"పెద్దయ్యా, నీలం నేను రాసింది. ఎర్రది సార్ కొట్టింది. ఫైళ్లు పెట్టే జాగా ఎవరు తక్వ చేసిన్రో మీరే చూడుండ్రి."

శరణప్ప కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదివాడు. తమ్ముళ్లకూ చూపించాడు.

"గుండయ్యా, దస్తఖత్ ఉంటే కాదనేటందుకు లేదని పొద్దుగాల మీరే చెప్తిరి గద" అన్నాడు.

ప్రణీత ఇంకా చల్లారలేదు. కాగితం వెనక్కి తీసుకుని, అడుగున నీలం సిరాతో 'ప్రణీత రేపటి నుంచి రావద్దు' అని రాసి, ఆయన ముందు పెట్టింది. బల్ల మీది ఎర్ర పెన్ను ఆయన చేతికిచ్చింది.

"గీ మాట మీదనే ఉంటరా సార్? లేకుంటే గిది గుడ కొట్టి దస్తఖత్ పెట్టుండ్రి."

అన్నదమ్ములు ముగ్గురూ చూస్తుండగా గుండయ్య ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు.