నాలుగో సాంచ మీది మబ్బు

పొద్దున్నే షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో రామచంద్రం సేఠ్ కార్ఖానా తలుపులు తెరుచుకునేవి. కరెంటు మగ్గాలను అక్కడ సాంచలంటారు. అవన్నీ ఒక్కసారి మొదలయ్యాయంటే పక్కింటి గూట్లో గిన్నెలు కదిలేవి. లోపల పనిచేసేవాళ్ళు మాటలు మానేసి చేతులతోనే చెప్పుకునేవారు. మేనేజర్ దశరథ్ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని వచ్చేవాళ్ళను చూసేవాడు. అందరికన్నా ఆఖర్న బాలయ్య వచ్చేవాడు. ఆయన వెనకాలే ఆయన మబ్బు వచ్చేది.

మబ్బంటే పెద్దదేం కాదు, గొంగడి పరిచినంత ఉంటుంది. గుమ్మం పైకమ్మికి కాస్త ఒరుసుకుని లోపలికి దూరి, నాలుగో సాంచ మీద, రేకుల కింద సర్దుకునేది. ఇక సాయంత్రం దాకా అక్కడ సన్నటి తుంపర. వీధిలో బాలయ్య ఎదురైతే జనం చెప్పులు తడవకుండా ఓ పక్కకి జరిగేవారు, అంతే. ఒకరి ఇంట్లో పిల్లి ఉంటుంది, ఒకరి ఇంట్లో మేక ఉంటుంది, బాలయ్యకి మబ్బుంది. అందులో మాట్లాడుకోవడానికేముంది?

దశరథ్ మాత్రం లోలోపల దాని గురించే మాట్లాడుకునేవాడు. షోలాపూర్ ఎండకి నూలు ఎండి పుటుక్కుమని తెగుతుంది. తెగినప్పుడల్లా సాంచ ఆపాలి, పోగు వెతకాలి, ముడి వెయ్యాలి. మిగతావాళ్ళు నేల మీద నీళ్ళు చల్లుకుని, కిటికీలకి తడి గోనెలు కట్టుకుని నానా అవస్థలు పడుతుంటే, బాలయ్య సాంచ మీద పోగు తెగిందన్న మాటే వినపడేది కాదు. చద్దర్లు కొనడానికి వచ్చిన వ్యాపారులు "నాలుగో సాంచవి చూపించండి" అని అడిగి మరీ తీసుకునేవారు.

మేనేజర్ కాకముందు దశరథ్ మూడో సాంచ మీద నేసేవాడు. తనకీ బాలయ్యకీ మధ్య మూరెడు దూరం. ఆ మూరెడు దాటి ఒక్క చుక్కయినా ఇటు రాలేదు. ఒకసారి ఎవరూ చూడకుండా ఆ తుంపర కిందకి చెయ్యి చాపితే, మబ్బు మర్యాదగా అవతలి అంచుకి జరిగింది. ఆ అవమానం దశరథ్ మరిచిపోలేదు. కుర్చీ వచ్చింది, జీతం పెరిగింది. అయినా రోజూ పొద్దున ఆ మబ్బు గుమ్మం దాటుతుంటే ఆయన కళ్ళలో నిప్పులు పోసినట్టుండేది.

ఎనభై ఆరు ఎండాకాలంలో నూలు ధర మండిపోయింది. సరుకు గోదాములోంచి కదల్లేదు. సేఠ్ దశరథ్‌ని పిలిచాడు.

"ఒక్క సాంచ బంద్ పెడుదాం. ఒక మనిషిని తియ్యాలె. ఎవరిని తీస్తవో నీ మర్జీ."

ఆ మాట పట్టుకుని ఇంటికి పోయిన దశరథ్‌కి అన్నం సయించలేదు. భార్య సరోజ అడిగి అడిగి సంగతి రాబట్టింది.

"దాంట్ల పరేషాన్ ఏమున్నది? ఆఖర్ల చేరినోడు పాండురంగ్ గద. పిలగాడు, పెండ్లి గూడ కాలే. ఇంకో కార్ఖానాల చూసుకుంటడు."

"బాలన్న సాంచకు తుప్పు పడుతున్నది. ఆ నీళ్ళకు."

సరోజ అన్నం గిన్నె మీద మూత పెట్టింది. "తుప్పు సాంచకే పట్టిందా?" అంది.

దశరథ్ ఆ రాత్రంతా తనకి తాను న్యాయం చెప్పుకున్నాడు. బాలయ్యకి వయసయింది. తుప్పు నిజమే. ఎవరో ఒకరు పోవాలి. చెప్పుకున్న కొద్దీ అవన్నీ నిజాలే అనిపించాయి.

ఆ కార్ఖానాల్లో 'రేపటినుంచి రావద్దు' అని ఎవరూ నోటితో అనరు. నూలు చుట్టిన భీము అయిపోగానే మేనేజర్ కొత్త భీము మీద కుంకుమ బొట్టు పెట్టి సాంచకి పంపుతాడు. భీము రాలేదంటే మనిషే అర్థం చేసుకుని వెళ్ళిపోవాలి. మేనేజర్లు బతికేది ఆ మర్యాద చాటునే. బాలయ్య భీము అయిపోయింది. దశరథ్ కొత్తది పంపలేదు.

కానీ బాలయ్యకి తనని తీసేస్తారన్న ఆలోచనే రాలేదు. సాంచ తుడుచుకున్నాడు, నూనె పోశాడు, పక్కన నిలబడ్డాడు. మర్నాడూ వచ్చి అలాగే నిలబడ్డాడు. ఖాళీ సాంచ మీద తుంపర పడుతూనే ఉంది. చుట్టూ అందరికీ అర్థమై తలలు దించుకున్నారు. చివరికి ఆయనే కుర్చీ దగ్గరికి వచ్చి చెవిలో అరిచాడు.

"దశరథ్, నా భీము ఇంక రాలే?"

దశరథ్ సాంచ ఆపమని చెప్పడానికి అందరూ చేసే సైగే చేశాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. బాలయ్య ఆ చేతుల వంక కాసేపు చూశాడు. తర్వాత చెప్పులేసుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచాడు.

మబ్బు గుమ్మం దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి, దశరథ్ కుర్చీ మీద నిలిచింది.

మొదటి చుక్క నుదుటి మీద పడగానే దశరథ్‌కి ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆ సాయంత్రం పని లేకపోయినా కొంతం చౌక్ అంతా తిరిగి వచ్చాడు. తెలిసినవాళ్ళు పలకరించి, చెప్పులు తడవకుండా పక్కకి జరిగారు.

మర్నాడు సేఠ్ వచ్చి మబ్బును చూశాడు, తడిసిన కుర్చీని చూశాడు.

"మబ్బు పెట్టుకొని కుర్చీల ఎందుకు? ఇంక సాంచ బంద్ వద్దు, నాలుగో దాని మీద నిలబడు. గుమ్మం కాడ నేను కూసుంట. ఒక మనిషిని తియ్యమంటి, మేనేజర్ ఖర్చు గూడ మిగిలె."

అలా దశరథ్ మేనేజర్ ఉద్యోగం ఊడింది. ముందు కొన్నాళ్ళు ఆ బాధే తెలియలేదు. పోగు తెగేది కాదు, వ్యాపారులు పేరు పెట్టి అడిగేవారు. తర్వాత వేళ్ళ చర్మం నాని ముడతలు పడింది. దగ్గు పట్టుకుంది. సరోజ నాలుగు రోజులు ఓర్చి, ఆయన మంచం అరుగు మీద వేసింది. ఆమె తప్పేం లేదు, పక్కంతా తడిసిపోతోంది.

ఓ ఆదివారం దశరథ్ సిగ్గు చంపుకుని, బీడీ కార్మికులుండే విడీ ఘర్కుల్ కాలనీకి పోయాడు. మబ్బు వెంట వచ్చింది. బాలయ్య ఇంటి తలుపు తీసే ఉంది. లోపల బాలయ్య భార్య కమల చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కనే బాలయ్య ఆమె చుట్టిన బీడీలకి దారం కడుతున్నాడు.

"బాలన్నా, నీ మబ్బు నువ్వు తీసుకో. సేఠ్‌తోని నేను మాట్లాడుత. నీ సాంచ నీకే ఇప్పిస్త."

బాలయ్య తలెత్తి మబ్బు వైపు చూశాడు. చాలాకాలం తర్వాత కనపడ్డ చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

"దగ్గు మొదలైందా? అల్లం నమలు."

"నిన్ను తీసింది కుళ్ళుతోనే అన్నా. కాళ్ళు మొక్కుత, తీసుకో."

బాలయ్య దారం తెంపి కమల వైపు చూశాడు. జవాబు ఆమె చెప్పింది.

"తీసుకోడు తమ్మీ. బీడీల కూలి తక్కువనే, ఉట్టి రొట్టె తిన్న దినాలున్నయి. కాని పెండ్లయినకాంచి ఈయనను నేను అరుగు మీదనే కూసోవెట్టిన. ఆకు తడిస్తె బీడీ చెడిపోతది, కార్ఖానోల్లు తీసుకోరు. ఇంట్లకు రా అని ఒక్కనాడు పిలువలే. గిప్పుడు పక్కన కూసుంటున్నడు." ఆమె చేటను ఒళ్ళోకి లాక్కుని, "జర ఎనక్కి జరుగు తమ్మీ, తుంపర లోపటికి కొడుతున్నది" అంది.

దశరథ్ గుమ్మం దిగి వీధిలో నిలబడ్డాడు. లోపల బాలయ్య ఏదో అన్నాడు, కమల నవ్వి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. బాలయ్య చొక్కా పొడిగా ఉంది. మూడో సాంచ మీద నిలబడ్డన్నాళ్ళలో ఎన్నడూ దశరథ్ కడుపు ఇంతగా మండలేదు.