స్టెల్లా నంబరు

ఛార్జరు బోర్డును పరీక్ష యంత్రం గూట్లో కూర్చోబెట్టి మూత నొక్కింది స్టెల్లా. తెర పచ్చబడింది. తీసి ట్రేలో పెట్టి ఇంకొకటి అందుకుంది. ఎరుపు వస్తే పక్క డబ్బాలో వేస్తుంది. రేణిగుంట దగ్గరి ఛార్జర్ల ఫ్యాక్టరీలో ఆమె బతుకు ఆ రెండు రంగుల మధ్యే గడిచింది. తలకు టోపీ, చేతులకు తొడుగులు. తొడుగుల కింద మాత్రం పులికాట్ ఒడ్డున రొయ్యలు వలిచి గరుకెక్కిన పాత వేళ్లే.

ఆ రొయ్యల షెడ్డులో ఎవరు ఎంత వలిచారో గంపకు తెలియదు. మేస్త్రీ నోటిమాటే లెక్క. ఇక్కడ ప్రతి బోర్డుకూ పరీక్షించిన మనిషి నంబరు పడుతుంది. పర్మనెంటు అయ్యాక వచ్చిన ఆ నంబరును తన బతుకులో మిగిలిన లాభంగా చూసుకుంది స్టెల్లా.

ఆ లాభానికే చిల్లు పడింది. నంబరంటే రెండక్షరాలు, నాలుగంకెలు ఉండాలని ఇంజనీరు శేషసాయి టెస్టు సాఫ్ట్‌వేర్‌లో నియమం రాశాడు. తర్వాత కాంట్రాక్టు మీద వచ్చిన ఆడపిల్లల నంబర్లు వేరే తీరు. కొట్టినప్పుడల్లా చెల్లదని యంత్రం మొండికేసేది. నియమం మార్చాలంటే పైవాళ్ల అనుమతి కావాలి. ముందే ఎందుకు చూసుకోలేదని అడుగుతారు. శేషసాయి తల పట్టుకుంటే స్టెల్లానే అంది: "నాది పెట్టేయండి సార్. పిల్లోళ్లు ఎందుకు తిప్పలు పడాల?"

అప్పటినుంచి ఎవరు తెరిచినా యంత్రం ఆమె నంబరుతోనే తెరుచుకునేది. అందరూ తెర మీద 'సరే' నొక్కి పనిలోకి దిగేవారు.

"రేయీ పగలూ నువ్వే పని జేస్తాండావక్కా, జీతం మాత్రం ఒకటే!" పక్క యంత్రం మీదున్న కోమలి ఆ పొద్దున కూడా ఎగతాళి చేసింది.

"నోరు మూసుకోని మూత నొక్కుమే" అని నవ్వింది స్టెల్లా.

టీ వేళకు ముందే మేనేజరు మునిప్రసాద్ గదికి పిలుపు వచ్చింది. బల్ల మీద, ఛార్జర్లు కొన్నవాళ్లు తిప్పి పంపిన మాడిపోయిన బోర్డులు. అన్నీ రాత్రి షిఫ్టువి. అన్నిటికీ ఆమె నంబరే.

"నేను రాత్రి డ్యూటీకి రానేలేదు సార్. హాజరు సూడండి."

"సూసినా. రాలేదు. నీ నంబరు ఇంకొకరికి ఎట్లిచ్చినావు? ఇస్తే ఉద్యోగం పోతాదని తెల్దా?"

బల్ల పక్కనే నిలబడ్డ శేషసాయి వైపు చూసింది స్టెల్లా. అతను నోరు విప్పితే చాలు, ఆమె పని నిలుస్తుంది. అతను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"పెట్టమన్నది ఆమే సార్."

అబద్ధం కాదు. బుట్టలో మంచి కాయలు పైన పేర్చినట్టు, నిజంలో తనకు పనికొచ్చే సగాన్ని పైన పెట్టాడు.

"మరి పెట్టింది ఎవురు సార్?"

"అది మేం సూసుకుంటాం. నువ్వు పో" అన్నాడు మునిప్రసాద్. ఇద్దరిలో ఎవరు పోతే నష్టం తక్కువో ఆయన అప్పటికే బేరీజు వేసుకున్నాడు.

గేటు దగ్గర ఆమె గుర్తింపు కార్డు లాక్కున్నారు. కంపెనీ బస్సు సాయంత్రం గానీ లేదు. ఎండలో హైవే దాకా నడిచి వెళ్లిపోయింది.

లోపల ఆమె నంబరు తీసేయగానే ఒక్క యంత్రమూ తెరుచుకోలేదు. ఆ లైనులో పర్మనెంటు ఆమె ఒక్కతే. శేషసాయి నంబరూ నియమానికి సరిపోతుంది. అది మాత్రం అతను పెట్టలేదు. తీసేసిన నంబరు మళ్లీ ఎక్కాలంటే కార్డు గీయాలి; గేటుకు పరుగెత్తి స్టెల్లా కార్డు తెచ్చి, గీసి, ఆ నంబరునే మళ్లీ ఎక్కించాడు.

"మనిషి వొద్దు, నంబరు కావాల్నా సార్?" అంది కోమలి. అతను తెర వైపు వేలు చూపించాడు. ఆమె 'సరే' నొక్కింది.

మళ్లీ అవసరం పడుతుందని కార్డును తెర పక్కన టేపుతో అంటించాడు. నవ్వొద్దని ఫొటో తీసినవాడు ఎంత చెప్పినా వినలేదేమో, అందులో స్టెల్లా పెదవి చివర కొంచెం నవ్వు ఉంది.