డ్రిల్ సారు తోక

మాదాపూర్‌లోని ఆ చిన్న బడిలో డ్రిల్ సారు నర్సింహకు ఆ ఏడాది కడుపుమంట పట్టుకుంది. మందు ఏ దవాఖానలోనూ దొరకదు. ఎందుకంటే జబ్బు పేరు భార్గవి టీచరు.

అనంతపురం మనిషి. భర్తకు కొత్తగా లేచిన సైబర్ టవర్స్‌లో ఉద్యోగం. చిన్న తరగతుల పిల్లలకు ఆటలు నేర్పుతానని తనంతట తానే ముందుకొచ్చింది. అప్పటిదాకా ఆటల పీరియడంటే నర్సింహదే రాజ్యం. చేతులు పైకి, చేతులు కిందికి, అంతే. అయినా పిల్లలు ఆయన వేళ్లు పట్టుకుని వేలాడేవారు. ఈవిడ వచ్చి కప్పగెంతులంది, కుంటుడు పందెమంది. రంగురంగుల రింగులు నేలమీద పరిచి, "ఇవి బండలు, చుట్టూ ఏరు, తడవకుండా దాటాల" అంది. ఇక పిల్లలు ఆగుతారా? కొత్తొక వింత, పాతొక రోత. మొన్నటిదాకా ఆయన విజిల్ మెళ్లో వేసుకుని ఊరేగిన రెండో తరగతి హర్షిణి కూడా టీచరు కొంగు పట్టుకుంది. అది మాత్రం నర్సింహ ఓర్చుకోలేకపోయాడు.

బాలల దినోత్సవం నాడు తల్లిదండ్రుల ముందు భార్గవి ఆడించే ఆటలు. ఆవిడ పరువు తీయాలనే పొద్దున్నే ఆ రింగులుండే ఆట సామాన్ల గదికి తాళమేసి, చెవి జేబులో వేసుకున్నాడు.

"ఏడ పడ్డదో ఏమో మేడం, పొద్దుగాల్నుంచి దేవులాడుతున్న. మస్తు పరేషాన్ అయితున్న," అన్నాడు. అంత దీనమైన మొహం నాటకాల వాళ్లక్కూడా చేతకాదు.

"పోనీలెండి సార్, మీరేం బాధపడాకండి," అంది భార్గవి.

ఆవిడ పిల్లల జేబురుమాళ్లు తీయించి, ఒక్కొక్కరికీ నడుం వెనక దోపింది. "ఇది మీ తోక. మీది కాపాడుకోవాల, పక్కోళ్లది పీకాల!"

గ్రౌండంతా కేకలు, ఉరుకులు. తల్లిదండ్రులు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఉత్త జేబురుమాళ్లతో కూడా గెలిచేసిందే అని గోడవారన నర్సింహ కుళ్లిపోతున్నాడు. అంతలో హర్షిణి వచ్చింది.

"సార్, మీకు తోక లేదు గదా. నాది పెట్టుకోండ్రి." తన రుమాలు తీసి ఆయన బెల్టులో దోపింది. "ఇగ ఉరుకుండ్రి సార్!"

పిల్లలంతా తోక కోసం ఆయన వెంట పడ్డారు. నర్సింహ ఉరికాడు, మెలికలు తిరిగాడు, పడీ పడీ నవ్వాడు. మంట సంగతే మరిచిపోయాడు. చివరికి పిల్లలు మీద పడితే వెల్లకిలా కూలబడ్డాడు. జేబులోంచి తాళంచెవి జారి మట్టిలో పడింది.

హర్షిణి అందుకుని ఎత్తి చూపించింది. "సార్ తాళంచెవి దొరికింది! పాపం, పొద్దుగాల్నుంచి దేవులాడుతుండె. అందరు చప్పట్లు కొట్టుండ్రి!"

పిల్లలు కొట్టారు. సంగతి తెలియని తల్లిదండ్రులూ కొట్టారు. భార్గవి తాళంచెవిని చూసింది, ఆయన్ని చూసింది. ఆఖరున తనూ చప్పట్లు కొట్టింది.

హర్షిణి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, చాలా రోజుల తర్వాత మళ్లీ ఆయన వేలు పట్టుకుంది.

"రాండ్రి సార్, రింగులు తెద్దాం."

ఇన్నాళ్లూ ఆ చిన్న చెయ్యి కోసమే ఏడ్చాడు నర్సింహ. ఇప్పుడది వేలు పట్టుకుని లాగుతుంటే, తలెత్తి ఆ పిల్ల మొహం చూడలేకపోయాడు.